నాటకానికి సంగీతం కట్టడం: స్క్రిప్టు మొదలుకుని ప్రదర్శన దాకా

చాలా నాటకాల్లో సంగీతం చివరి వారంలో వచ్చి చేరుతుంది. నటన కుదిరింది, లైట్లు కుదిరాయి, ఇక కాస్త మ్యూజిక్ వేసేస్తే అయిపోతుంది అనుకుంటారు. అలా వచ్చిన సంగీతం ఒక్క పనే చేస్తుంది: నటుడి మొహంలో అప్పటికే కనిపిస్తున్నదాన్ని మళ్లీ చెబుతుంది. అమ్మాయి ఏడుస్తుంటే వయొలిన్ కూడా ఏడుస్తుంది. ప్రేక్షకుడికి కొత్తగా తెలిసిందేమీ ఉండదు, పైగా 'ఇక్కడ బాధపడండి' అని ఎవరో పక్కనుంచి చెబుతున్నట్టు ఉంటుంది.

సంగీతం అంతకంటే చాలా చేయగలదు. పాత్ర దాచుకున్నది బయటపెట్టగలదు, జరగబోయేదాని మీద ముందే అనుమానం పుట్టించగలదు, పదేళ్ల కాలాన్ని పది సెకన్లలో దాటించగలదు. అవన్నీ చేయించాలంటే పని స్క్రిప్టు చదివే రోజే మొదలుకావాలి. ఆ పనిని వరసగా చూద్దాం. మాటలు గాల్లో ఉండకుండా ఒక చిన్న నాటకాన్ని ఊహించుకుందాం.

తండ్రి పోయాక అక్క, తమ్ముడు ఆయన ఇల్లు ఖాళీ చేయడానికి వస్తారు. మొదటి సన్నివేశం గతంలో జరుగుతుంది: తండ్రి పాత రేడియో బాగుచేస్తూ ఈల వేస్తుంటాడు, పిల్లలిద్దరూ పక్కనే ఉంటారు. రెండోదాంట్లో అక్క ఒక్కతే సామాను సర్దుతుంటుంది. మూడోదాంట్లో తమ్ముడు వస్తాడు. తండ్రితో గొడవపడి ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్లినవాడు. ఆయన గురించి ఒక్క మంచి మాట కూడా అనడు.

1. ముందు స్క్రిప్టును సంగీతం లేకుండా చదవండి

రెండుసార్లు చదవాలి. మొదటిసారి కథ కోసం. రెండోసారి పెన్సిల్ పట్టుకుని మూడు రకాల చోట్లు గుర్తుపెట్టుకోండి: మనుషుల మధ్య ఏదైనా మారిన చోటు, పాత్ర పైకి ఒకటి అంటూ లోపల ఇంకొకటి అనుకుంటున్న చోటు, కాలమో స్థలమో మారుతున్న చోటు. సంగీతం అవసరం రావడానికి అవకాశం ఉన్నవి సాధారణంగా ఇవే.

ఇదే సమయంలో, మాట తనంతట తానే బలంగా ఉన్న చోట్ల పక్కన 'వద్దు' అని రాసుకోండి. తర్వాత ఆ చోట్ల ఏదో ఒకటి వేద్దామని టెంప్ట్ అవుతారు, అప్పుడు ఈ 'వద్దు' మిమ్మల్ని ఆపుతుంది.

2. ప్రతి సంగీత ఖండానికీ ఒక పని అప్పగించండి

ఈ విషయంలో నాట్యశాస్త్రం చేసిన విభజన ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. నాటకంలో పాడే ధ్రువాగానాలను భరతుడు ఐదు రకాలుగా చెప్పాడు. పాత్ర ప్రవేశంలో వచ్చేది ప్రావేశికి. నిష్క్రమణలో వచ్చేది నైష్క్రామికి. నడుస్తున్న భావాన్ని ఉన్నట్టుండి తెంచి ఇంకో భావాన్ని తెచ్చేది ఆక్షేపికి. అలా కలత పడ్డ మనసును మళ్లీ కుదుటపరిచేది ప్రాసాదికి. పాత్ర మూర్ఛపోయినప్పుడో, నటుడు వేషం సర్దుకోవాల్సి వచ్చినప్పుడో ఆ ఖాళీని కప్పేది ఆంతర. ఈ ఐదింటిలో ఒక్కదాని పేరు కూడా 'దుఃఖ సంగీతం', 'సంతోష సంగీతం' అని లేదు. కథలో ఆ క్షణాన సంగీతం ఏం చేస్తోందన్నదే ఈ విభజనకు ఆధారం.

మీరూ అలాగే చేయండి. పెన్సిల్‌తో గుర్తుపెట్టుకున్న ప్రతి చోటా ఒక క్రియతో కూడిన చిన్న వాక్యం రాయండి: 'అక్క ఒప్పుకోని దిగులును బయటపెడుతుంది', 'ఇరవై ఏళ్లు దాటిస్తుంది', 'తమ్ముడి కోపం మీద అనుమానం పుట్టిస్తుంది'. 'బాధగా ఉంటుంది' అని మాత్రమే రాయగలిగితే ఆ ఖండం ఇంకా తయారుకాలేదని అర్థం. ఈ వాక్యం రాయలేని చోట సంగీతం తీసేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

3. ఆ సంగీతం ఎవరికి వినిపిస్తోందో తేల్చుకోండి

రంగస్థలం మీద రేడియో మోగుతుంటే పాత్రలకూ వినిపిస్తుంది. నేపథ్యంలో వచ్చే చెల్లో (వయొలిన్ కంటే పెద్దదిగా, కింది స్థాయిలో మోగే కమాను వాద్యం) ప్రేక్షకుడికి మాత్రమే వినిపిస్తుంది. ఇంకో రకం ఉంది: ఒక్క పాత్రకు మాత్రమే, తన జ్ఞాపకంలో వినిపించేది. ఈ మూడింటిలో ఏది వాడుతున్నారో మీకు స్పష్టంగా తెలియకపోతే నటులు ఏం చేయాలో తెలియక తికమకపడతారు.

అసలు రుచి ఒకదాన్నుంచి ఇంకొకదానికి జారడంలో ఉంది. మన నాటకంలో తండ్రి బాగుచేస్తున్న రేడియోలోపలే ఒక చిన్న స్పీకర్ పెట్టండి. మొదట పాట అందులోంచి పల్చగా, గరగరమంటూ వస్తుంది. లైట్లు మారుతుండగా అదే పాట హాల్లోని పెద్ద స్పీకర్లలోకి నెమ్మదిగా విస్తరించి నిండుగా మారుతుంది. రేడియో స్పీకర్ ఆగిపోతుంది. ఇప్పుడు ఆ పాట గదిలో లేదు, అక్క తలలో ఉంది. ఒక్క మాట లేకుండా గతంలోంచి వర్తమానంలోకి వచ్చేశాం. దీనికి కావలసింది రెండు స్పీకర్లు, విడివిడిగా తగ్గించి పెంచగలిగే రెండు చానెళ్లు.

4. వాద్యాలను కుదించుకోండి

గంటన్నర నాటకానికి రెండు మూడు వాద్యాలు చాలు. ఎక్కువ వాద్యాలుంటే దేనికీ అర్థం అంటుకోదు. చెల్లో వినిపించిన ప్రతిసారీ అక్క ఒంటరితనం ఉంటే, మూడోసారికి ప్రేక్షకుడు ఆ సంబంధాన్ని తనంతట తానే పట్టేస్తాడు. అదే చెల్లోను సీన్ మార్చడానికి కూడా వాడితే ఆ ముడి విడిపోతుంది.

ఎంపికలో శ్రావ్యత ఒక్కటే చూడకండి. ఊదే వాద్యంలో శ్వాస ఉంటుంది, మీటే వాద్యంలో ప్రతి స్వరం పుట్టిన వెంటనే తగ్గిపోవడం మొదలవుతుంది, కమానుతో వాయించేదాంట్లో స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు, పెంచవచ్చు. తెగిపోయిన బంధం గురించిన నాటకంలో మీటే వాద్యం తగ్గిపోయే తీరే ఎంతో చెబుతుంది.

5. చిన్న స్వరఖండం కట్టి, దాన్ని కథతో పాటు మార్చండి

నాటక సంగీతంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాత్రకో, సంబంధానికో, వస్తువుకో ఒక చిన్న స్వరఖండం ఇవ్వండి. నాలుగైదు స్వరాలు మించకూడదు, ఒక్కసారి వింటే గుర్తుండాలి, ఏ వాద్యం లేకుండా కూనిరాగంగా పాడగలగాలి. మన నాటకంలో తండ్రి ఈల: స, రి, గ, ప. మోహన రాగంలోని నాలుగు స్వరాలు. ఇందులోని గాంధారం (గ) అంతర గాంధారం, అంటే గ స్వరపు పై రూపం. రేడియో విప్పుతూ, స్క్రూ నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి, అది మోగగానే ఇంకోసారి ఈల వేస్తాడు. మొదటి సన్నివేశంలో దీన్ని మామూలు అలవాటులా వదిలేయాలి. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు.

రెండో సన్నివేశంలో అక్క సామాను సర్దుతుంటే అవే నాలుగు స్వరాలు చెల్లో మీద వస్తాయి, కానీ అంతర గాంధారం స్థానంలో దానికంటే కాస్త కింద ఉండే సాధారణ గాంధారం ఉంటుంది. ఆ ఒక్క స్వరం మారితే మోహన కాస్తా శివరంజని అవుతుంది. రెండు రాగాల్లోనూ షడ్జమం, చతుశ్రుతి రిషభం, పంచమం, చతుశ్రుతి ధైవతం అవే. తేడా గాంధారంలోనే. సంగీతం రాని ప్రేక్షకుడు కూడా 'ఇది ఆ ఈలే కదా, ఎందుకో ఇప్పుడు వేరేగా ఉంది' అనుకుంటాడు. తండ్రి లేడన్న సంగతి ఆ వేరుగా ఉండటంలోనే అతనికి చేరుతుంది.

మూడో సన్నివేశం చివర తమ్ముడు ట్రంకు పెట్టెకు తాళం వేస్తూ తనకు తెలియకుండానే ఈల మొదలుపెడతాడు: స, రి... అక్కడ తన ఈల తనకే వినిపించి ఆగిపోతాడు. గాంధారం రాదు. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ మనసులో ఆ స్వరం వేసుకుంటారు. ఇక్కడ దర్శకుడి ముందు మూడు దారులు ఉన్నాయి. అలాగే వదిలేయవచ్చు. అక్క అటు తిరిగి ఉండగానే సాధారణ గాంధారంతో పూర్తిచేయవచ్చు, అప్పుడది ఇద్దరూ పంచుకున్న దుఃఖం అవుతుంది. లేదా తండ్రి వేసినట్టే అంతర గాంధారంతో పూర్తిచేయవచ్చు, అప్పుడు తమ్ముడి కోపం కింద ఉన్న ప్రేమను ఆమె గుర్తుపట్టినట్టు అవుతుంది. నాటకం ముగింపు అర్థం ఒక్క గాంధారం మీద ఆధారపడుతుంది. నేనైతే మూడోదే ఎంచుకుంటాను. తమ్ముడు ఒక్క మంచి మాట కూడా అనని నాటకంలో ఆ మాట ఎలాగోలా బయటకు రావాలి.

రాగాల గురించి ఒక జాగ్రత్త. ఫలానా రాగానికి ఫలానా రసం అనే జాబితాను పట్టుకుని నడవకండి. పైన శివరంజని పనిచేసింది అది మోహన తర్వాత వచ్చింది కాబట్టి. వేగం, స్థాయి, స్వరాల మధ్య ఖాళీ మారితే ఏ రాగం ముఖమైనా మారిపోతుంది. అందుకే రాగం కుదిరాక వీటిని విడివిడిగా మార్చి వినండి. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. లయ 60 దగ్గర ఉంటే నిలకడగా అనిపిస్తుంది, 120 దాటితే తొందర మొదలవుతుంది. అదే స్వరఖండాన్ని మంద్రస్థాయిలో (కింద) ఒకసారి, తారస్థాయిలో (పైన) ఒకసారి వాయించి చూడండి. ఏది మీ సన్నివేశానిదో చెవి చెబుతుంది.

6. మాట కింద సంగీతం వేసేటప్పుడు

మాటకే మొదటి హక్కు. డైలాగు వినబడకపోతే ఎంత మంచి సంగీతమైనా నాటకానికి చెరుపే.

మాట్లాడేటప్పుడు పురుష కంఠపు మూల పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, స్త్రీ కంఠానిది సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కానీ హల్లులు స్పష్టంగా తెలియడానికి 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతం చాలా ముఖ్యం. రికార్డు చేసిన సంగీతమైతే ఈ ప్రాంతాన్ని ఈక్వలైజర్‌లో (ఒక్కో పౌనఃపున్య ప్రాంతాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) కాస్త తగ్గిస్తే, మొత్తం వాల్యూమ్ తగ్గించకుండానే మాట పైకి తేలుతుంది. లైవ్ అయితే నటుడి గొంతు ఉన్న స్థాయికి దూరంగా వాయించమనండి. మాటల కింద సాహిత్యం ఉన్న పాట వేయకండి. చెవి రెండు మాటల ప్రవాహాల వెంట ఒకేసారి పోలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. నటుడి భావం కంటే ముందు సంగీతం వస్తే జోస్యం చెప్పినట్టు అవుతుంది. భావంతో పాటే వస్తే ఉన్నదాన్నే రెట్టించినట్టు అవుతుంది. భావం పుట్టిన ఒకటి రెండు క్షణాల తర్వాత వస్తే, నటుడే దాన్ని పిలిచినట్టు ఉంటుంది. నేను ఎక్కువగా మూడోదాని వైపే మొగ్గుతాను. సస్పెన్స్‌కు మాత్రం మొదటిది కావాలి.

మొదలు మీద పెట్టినంత శ్రద్ధ ఆపడం మీద కూడా పెట్టండి. ప్రతిసారీ మెల్లగా ఫేడ్ అయిపోవడం సోమరితనం. ఒక్కోసారి తలుపు చప్పుడుతో టక్కున తెగాలి, ఒక్కోసారి ఒక స్వరం మీద ఆగి పాత్ర తర్వాతి మాట కోసం ఎదురుచూడాలి.

7. ఎదురు భావాన్ని ప్రయత్నించండి

సన్నివేశం ఒకటి అంటుంటే సంగీతం దానికి విరుద్ధంగా ఉంటే ప్రేక్షకుడు ఆలోచనలో పడతాడు. 1928లో బెర్లిన్‌లో ప్రదర్శించిన, నాటకకర్త బ్రెహ్ట్, సంగీతకర్త కర్ట్ వైల్‌ల 'త్రీపెన్నీ ఒపేరా' మొదట్లో ఒక నేరస్తుడి హత్యల చిట్టాను హుషారైన బాణీలో వినిపిస్తారు. మాటలు ఒళ్లు జలదరించేలా ఉంటాయి, చేయి మాత్రం తాళం వేస్తుంటుంది. ఆ ఇబ్బందే వాళ్లకు కావలసింది.

దీన్ని పొదుపుగా వాడాలి. నాటకం మొత్తంలో ఒకటి రెండు చోట్ల చాలు. సన్నివేశం ఏమిటో ప్రేక్షకుడికి బాగా అర్థమయ్యాకే వాడాలి, లేకపోతే తప్పు సీడీ వేశారేమో అనుకుంటారు.

8. నిశ్శబ్దాన్నీ శబ్దాలనూ లెక్కలోకి తీసుకోండి

సంగీతం నిరంతరంగా నడిస్తే చెవి దాన్ని వినడం మానేస్తుంది. పది నిమిషాలు ఏమీ లేకుండా ఉన్న తర్వాత వచ్చిన ఒక్క స్వరానికి హాలంతా కదులుతుంది. కాబట్టి నిశ్శబ్దాన్ని కూడా క్యూగా (ఫలానా సంకేతానికి జరగాల్సిన పనిగా) రాసుకోండి, దానికీ ఒక పని ఇవ్వండి.

వాన, గడియారం, దూరంగా పోయే రైలు లాంటి శబ్దాలు కూడా సంగీతంలో భాగమే. 1904లో మాస్కోలో మొదటిసారి ప్రదర్శించిన రష్యన్ రచయిత చెహోవ్ నాటకం 'చెర్రీ తోట'లో, తెగిన తీగ చప్పుడు లాంటి ఒక దిగులు శబ్దం రెండుసార్లు వినిపిస్తుంది. అదెక్కడినుంచి వచ్చిందో పాత్రలు తలో మాట అంటారు, తేలదు. పేజీల కొద్దీ డైలాగు చెప్పలేని అంతాన్ని ఆ శబ్దం చెబుతుంది.

9. పాటలూ పద్యాలూ ఉంటే

మాట సరిపోని చోట పాత్ర పాటలోకి వెళ్లాలి. పాట మొదలయ్యే ముందు ఉన్న స్థితి, అయ్యాక ఉన్న స్థితి ఒకటే అయితే ఆ పాట కథను ఆపినట్టే. పాట మధ్యలో పాత్ర ఒక నిర్ణయం తీసుకోవాలి, లేదా ఒక నిజం ఒప్పుకోవాలి. పద్యనాటకంలో పద్యం చివర రాగం సాగదీసేటప్పుడూ ఇదే చూడాలి. భావం సాగుతున్నంతసేపు ఆ రాగం పాత్రది. అది దాటితే గాయకుడి ప్రతిభా ప్రదర్శన అవుతుంది, పాత్ర పక్కకు తప్పుకుంటుంది.

శ్రుతిని నటుడి గొంతుకు తగ్గట్టు ఎంచుకోండి. పాట రికార్డింగ్ ఐదున్నర శ్రుతిలో ఉంది కాబట్టి అదే పాడాలని పట్టుబట్టవద్దు. నటుడు అరవకుండా తారస్థాయి పంచమం అందుకోగలిగిన శ్రుతి కావాలి. పరిగెత్తి వచ్చి పాడాల్సిన సన్నివేశమైతే రిహార్సల్‌లో కూడా పరిగెత్తించే పాడించి శ్రుతి ఖాయం చేయండి, ఎందుకంటే ఆయాసంలో పై స్థాయి అందదు.

10. లైవ్ సంగీతమా, రికార్డు చేసిందా

వీలుంటే లైవ్. నటుడు ఒకరోజు రెండు క్షణాలు ఎక్కువ ఆగుతాడు, సంగీతకారుడు అతనితో పాటు ఆగుతాడు. రికార్డింగ్ ఆగదు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీ రంగస్థలంలో ప్రేక్షకులకు ఎడమవైపున నల్లటి తెర వెనక వాద్యకారుల గది ఉంటుంది. వాళ్లు లోపలినుంచి నటుల కదలికలు చూస్తూ వాయిస్తారు. మీ సంగీతకారులను ఎక్కడ కూర్చోబెట్టినా ఈ ఒక్కటి తప్పనిసరి: నటుడి మొహం, చేతులు వాళ్లకు కనబడాలి.

రికార్డింగే వాడాల్సి వస్తే ఒకే పొడవైన ట్రాక్ చేయకండి. మొదలు, మళ్లీ మళ్లీ తిప్పగలిగే మధ్యభాగం, ముగింపు అని మూడు ముక్కలు చేయండి. నటుడు ఎంతసేపు తీసుకుంటే అంతసేపు మధ్యభాగం తిరుగుతుంది, సంకేతం రాగానే ముగింపులోకి వెళుతుంది. క్యూలాబ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇందుకోసమే ఉన్నాయి.

ట్రాక్ మీద పాడే నటుడికి తన దగ్గరే ఒక మానిటర్ స్పీకర్ కావాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే 17 మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ శబ్దం చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఆ కాస్త ఆలస్యంతోనే తాళం ఈడ్చినట్టు అవుతుంది.

11. క్యూ షీట్, రిహార్సల్

ప్రతి క్యూకూ నంబరు, సంకేతం, ఏం జరగాలి, ఎంతసేపట్లో, ఎందుకు అన్నవి రాయండి. మన నాటకంలోంచి ఒకటి:

క్యూ 7
సంకేతం: తమ్ముడు "అక్కా, ఈ పెట్టె నువ్వే ఉంచుకో" అన్నాక, అక్క మొహం తిప్పుకున్న క్షణం.
చర్య: బయటి వాన శబ్దం 4 సెకన్లలో తగ్గి పూర్తిగా ఆగాలి.
ఎందుకు: ఈల పుట్టడానికి గది ఖాళీగా ఉండాలి.

సంకేతంగా మాటను మాత్రమే పెట్టుకుంటే నటుడు ఆ మాట మరిచిపోయిన రోజు ఆపరేటర్ టెన్షన్‌లో పడతాడు. వీలైనచోట కదలికను కూడా రాయండి. 'ఎందుకు' అన్న వరస చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. స్టేజీ మీద ఏదైనా తేడా జరిగినప్పుడు ఆపరేటర్ సొంతంగా నిర్ణయం తీసుకోగలిగేది ఆ వరస చూసే.

సంగీతాన్ని మొదటి రిహార్సళ్లలోనే తీసుకురండి, కచ్చాగా ఉన్నా ఫర్వాలేదు, ఫోన్‌లో రికార్డు చేసిన కూనిరాగమైనా చాలు. నటుడి నడక, ఊపిరి దానికి అలవాటుపడతాయి. నడుమ ఒకరోజు మొత్తం నాటకాన్ని సంగీతం లేకుండా నడపండి. ఏ క్యూ లేకపోయినా సన్నివేశం చెక్కుచెదరలేదో ఆ క్యూను తీసేయండి. తర్వాత డైలాగులు దాటేస్తూ క్యూ నుంచి క్యూకు మాత్రమే ఒక రిహార్సల్ చేయండి, అది ఆపరేటర్ల కోసం.

వాల్యూమ్‌ను మిక్సర్ దగ్గర కూర్చుని తేల్చకండి. చివరి వరసలో, మొదటి వరసలో, ఒక పక్క మూలన నిలబడి వినండి. ఖాళీ హాల్లో ప్రతిధ్వని ఎక్కువగా ఉంటుంది, జనం నిండాక వాళ్ల బట్టలు, శరీరాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, కాబట్టి మొదటి ప్రదర్శన మొదలైన ఐదు నిమిషాల్లో స్థాయిలు కొంత సరిచేసుకోవాల్సి వస్తుందని ముందే అనుకోండి.

ఇంకొకరి పాటో రికార్డింగో వాడుతుంటే అనుమతి రిహార్సళ్ల మొదట్లోనే అడగండి. బాణీ హక్కు, ఆ రికార్డింగ్ హక్కు చాలాసార్లు వేర్వేరు చేతుల్లో ఉంటాయి. అనుమతి రాకపోతే కొత్త బాణీ కట్టుకోవడానికి సమయం మిగలాలి.

మొదటి ప్రదర్శన అయ్యాక క్యూ షీట్ పట్టుకుని దర్శకుడు, సంగీతకారులు, ఆపరేటర్ ఒక అరగంట కూర్చోండి. ప్రేక్షకులు ఎక్కడ కదిలారు, ఎక్కడ దగ్గారు, ఎక్కడ మీరనుకున్న చోట కాకుండా వేరేచోట నవ్వారు అన్నది షీట్ మీద ఆ క్యూ పక్కనే రాయండి. రెండో ప్రదర్శనకు చేసే మార్పులు ఆ రాతల్లోంచే రావాలి.